పికప్ బండిలో పెట్రోలు వాసన: కారణములు, మరమ్మతు

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉన్న ఎల్.బి. నగర్ కూడలి పలు దారులకు ముఖద్వారము. విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు, నాగోలు మీదుగా ఉప్పల్ పోవు దారి అచ్చటనో, దాని చెంతనో కలియుచున్నవి. చౌటుప్పల్, ఇబ్రహీంపట్నం, యాచారం ప్రాంతముల గ్రామములనుండి కూరగాయలు, పాలు, పూలు తెచ్చు చిన్న ట్రక్కులు తెల్లవారకముందే ఈ కూడలి దాటి సరూర్‌నగర్ రైతుబజారునకును, దిల్‌సుఖ్‌నగర్ వైపునకును సాగిపోవును. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారమునకు తరలిపోయినది. నాటినుండి నగరపు చిల్లర వర్తకులు పండ్లు తెచ్చుకొనుటకు అదే దారిన ఎదురు ప్రయాణము చేయుచున్నారు. ఇన్ని బండ్లు తిరుగు చోట బండి యజమానులనుండి తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒకటి గలదు: "బండిలో పెట్రోలు వాసన వచ్చుచున్నది, ఎక్కడిదో తెలియకున్నది."

ఈ ఫిర్యాదు పూర్వము ఇంతగా లేకుండుటకు కారణము సులభముగనే ఊహింపవచ్చును. చోటా హాథీ అని మనవారు ముద్దుగా పిలుచు టాటా ఏస్ 2005లో డీజిలు బండిగనే వచ్చినది. గ్రామములలో మిక్కిలిగా కనిపించు బొలెరో పికప్ కూడ డీజిలు బండియే. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి భారత్ స్టేజ్ 6 కాలుష్య నియమములు అమలులోనికి వచ్చిన పిదప చిన్న ట్రక్కులలో పెట్రోలు ఇంజనుల వాడుక హెచ్చినది. మారుతి సూపర్ క్యారీ, టాటా ఏస్ గోల్డ్ పెట్రోలు అట్టివి. డీజిలు బండిపై పది పదునైదేండ్లు చేయి తిరిగిన డ్రైవరు పెట్రోలు బండి ఎక్కినపుడు ఆ పాత అలవాట్లే వెంట తెచ్చుకొనుచున్నాడు. డీజిలు పైపు చెమ్మగిల్లినచో గుడ్డతో తుడిచి, నాలుగు రోజులు నడిపి, తీరిక దొరికినపుడు బాగుచేయించుట పరిపాటి. పెట్రోలు విషయమున ఇట్టి ఉపేక్ష ఎంతమాత్రము తగదని చెప్పుటయే మా ముఖ్యోద్దేశము.

డీజిలు కారినచో నేలపై జిడ్డుగా నిలిచియుండును. పెట్రోలు అట్లు నిలువదు, కారినది కారినట్లే ఆవిరి యగును. సున్నకు దిగువన 40 డిగ్రీల చలిలో సైతము నిప్పురవ్వ తగిలినచో అంటుకొనునంతటి ఆవిరి దానినుండి వెలువడును. గాలిలో ఈ ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్ళకు చేరినది మొదలు ఏడున్నర పాళ్ళవరకు మండు స్వభావము కలిగియుండును. అది గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పొగవలె పైకెగసి పోక, నేలను అంటిపెట్టుకొని పల్లమునకు ప్రాకి గుంటలలోను, బండి అడుగున గల మూలలలోను చేరును. కనుకనే బండినుండి నాలుగడుగుల దూరమున పారవేసిన బీడీ ముక్క సైతము బండిని తగులబెట్టగలదు.

మన ముక్కు పెట్రోలును బహు స్వల్ప పరిమాణములోనే పసిగట్టును. వాసన తగిలినంతమాత్రమున బండి ఆ క్షణముననే మండునని భయపడనక్కరలేదు. కాని ఎచ్చటనో దారి ఏర్పడినదని మాత్రము నిశ్చయము. వేరొక చిక్కు కూడ ఉన్నది. ముక్కు వాసనకు త్వరలోనే అలవాటుపడును. ప్రతిదినము అదే సీటులో కూర్చుండు డ్రైవరు "ఇపుడు తగ్గిపోయినది" అనినచో ఆ మాటను నమ్మరాదు. బయటినుండి వచ్చిన వేరొకరిని క్యాబినులో కూర్చుండబెట్టి అడుగవలెను.

మరమ్మతునకు బయలుదేరుటకు ముందు బండిలో పెట్రోలు డబ్బా ఏదైన ఉన్నదేమో చూడవలెను. మందు కొట్టు యంత్రమునకనియు, నీటిపంపునకనియు ప్లాస్టిక్కు డబ్బాలో పెట్రోలు పట్టించి, సీటు వెనుకనో సరకుల నడుమనో పెట్టి మరచిపోవుట పల్లెలలో సర్వసాధారణము. మూత బిగియని డబ్బానుండి పట్టెడు ఆవిరి వచ్చినను క్యాబిను నిండును. 1934 నాటి పెట్రోలియం చట్టము ప్రకారము అమ్మకమునకు గాక స్వంత వాడుకకై 30 లీటర్లకు మించకుండ పెట్రోలు ఉంచుకొనుటకు లైసెన్సు అక్కరలేదు. కాని దానిని గట్టిగా మూత బిగించిన లోహపు పాత్రలో గాని, ఒక లీటరుకు మించని గాజు లేక పింగాణీ పాత్రలో గాని ఉంచవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. శీతల పానీయపు సీసాలు ఈ పనికి పుట్టినవి కావు.

గ్యాసుతోను పెట్రోలుతోను నడచు బండి అయినచో వచ్చుచున్నది ఏ వాసనయో తేల్చుకొనవలెను. సి.ఎన్.జి. స్వతహాగా వాసన లేనిది. కారినపుడు తెలియుటకై అందులో కుళ్ళిన కోడిగ్రుడ్డును పోలిన దుర్గంధమును కలుపుదురు. ఆ కంపు వచ్చినచో సిలిండరు కవాటము మూసి గ్యాసు పరికరముల పని ఎరిగినవారి కడకు పోవలెనే కాని, ఇచట మేము వ్రాయు పద్ధతులు దానికి పనికిరావు.

ఇక అసలు విషయము. వాసన ఎక్కడిదని వెదకుటకంటె ముందు ఎప్పుడు వచ్చుచున్నదో గమనింపవలెను. సగము రోగము అక్కడనే తెలిసిపోవును. పది రోజులు కాకున్నను నాలుగైదు రోజులపాటు డ్రైవరు ఒక చీటీపై వాసన వచ్చిన వేళ, ట్యాంకులో పెట్రోలు మట్టము, బండి నిలిచియున్నదా నడచుచున్నదా అను మూడు సంగతులు వ్రాసికొనినచో, మెకానిక్కు సగము రోజు వృథా వెదకులాట తప్పును, యజమానికి అనవసరపు సామాను ఖర్చు తప్పును. అయితే నేలపై చుక్కలు కనబడుచున్నపుడు ఈ చీటీ పని పెట్టుకొనరాదు. అపుడు బండిని అచ్చటనే ఆపివేయవలెను.

బంకులో పెట్రోలు పోయించిన తరువాత గంట రెండు గంటలు వాసన వచ్చి పిదప తగ్గుచున్నచో తప్పు ప్రాయికముగా పోయించుటలోనే ఉండును. బంకు గొట్టము తనంతట తాను ఆగిన పిదప కూడ "లెక్క సరిచేయుటకు" మరికొంత పోయించు అలవాటు మనవారికి గలదు. పెట్రోలు వేడికి ఉబ్బును. 30 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కినచో అర లీటరుకు పైగా పెరుగును. భూమిలోని ట్యాంకునుండి చల్లగా వచ్చిన పెట్రోలును ట్యాంకు మూతివరకు నింపి, ఏప్రిల్, మే నెలల ఎండలో బండిని నిలిపినపుడు ఆ అర లీటరు ఎచ్చటికి పోవలెను? నేటి బండ్లలో ట్యాంకు ఆవిరిని పీల్చుకొని, ఇంజను నడచునపుడు దానికి అందించుటకై బొగ్గుపొడి నింపిన డబ్బా ఒకటి ఉండును. దానిని కానిస్టరు అందురు. ఆవిరికై ఏర్పరచిన ఆ డబ్బాలోనికి ద్రవమే చొరబడినచో బొగ్గు తడిసి పాడగును. పిమ్మట ఎల్లవేళల వాసన వచ్చుచునే ఉండును. కానిస్టరు చౌకసామాను కాదు. గొట్టము ఒకమారు ఆగగానే చాలుననుట దీనికి పైసా ఖర్చులేని మందు. ట్యాంకు మూతలోని రబ్బరు వాషరును కూడ చూడవలెను. అది ఎండి పగిలియున్నచో, లేదా పోయిన మూతకు బదులు గుడ్డపేలిక క్రుక్కియున్నచో, ఇక వేరెక్కడను వెదకనక్కరలేదు.

ట్యాంకు నిండుగా ఉన్నపుడు మాత్రమే, అదియు మలుపులలోను బ్రేకు వేసినపుడును వాసన వచ్చి, సగమునకు దిగిన తరువాత రాకున్నచో, ట్యాంకు పైభాగమున దారి ఉన్నదని గ్రహింపవలెను. పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉండు బండ్లలో పంపు మూత క్రింది ప్యాకింగు, లేదా పోయు గొట్టమునకును ట్యాంకునకును నడుమ గల రబ్బరు పైపు ఇందుకు కారణమగును. మట్టము ఎంత ఉన్నను వాసన మారకున్నచో దోషము ట్యాంకులో గాక ఇంజనునకు పోవు పైపులలో ఉన్నదనుట న్యాయము.

ఉదయమున బండి తీయగానే వాసన వచ్చి, ఇంజను వేడెక్కిన తరువాత తగ్గుట ముఖ్యముగా చలికాలపు లక్షణము. పాతబడిన రబ్బరు పైపు గట్టిపడి చలికి ముడుచుకొనగా క్లిప్పు దగ్గర సందు ఏర్పడును. వేడెక్కినపుడు రబ్బరు సాగి ఆ సందు మూసికొనును. వాసన దానంతట అదియే పోయినదని సంతోషించువారు మరునాటి ఉదయము మరల చూతురు. ఇంజను తీసిన మొదటి నిమిషమున పొగగొట్టమునుండి కొద్దిపాటి పచ్చి వాసన వచ్చుట మాత్రము సహజమే.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌ల నడుమ వాహనముల రద్దీలో పుట్టు వాసన వేరు జాతికి చెందినది. సుమారు నాలుగు కిలోమీటర్ల ఆ దారిలో పైన మెట్రో రైలు పరుగెత్తుచున్నను క్రింద బండ్లు సాయంకాలమున నడకవేగముతో కదలును. గాలి తగులక ఇంజను చుట్టు వేడి పేరుకొనును. రహదారిపై వేగముగా పోవునపుడు గాలికి కొట్టుకొనిపోయిన ఆవిరి, బండి నిలువగానే క్యాబినులోనికి వచ్చును. చౌటుప్పల్‌నుండి కూడలివరకు లేని వాసన చైతన్యపురి దగ్గర మొదలైనదనినచో, కారుట అచ్చట మొదలైనదని కాదు, అచ్చట తెలిసినదని అర్థము. ఇట్టి సందర్భమున మొదట చూడవలసినవి ఇంజెక్టర్ల దగ్గరి ఓ రింగులు, వాటికి పెట్రోలు పంచు గొట్టము, దాని చివర బిగించిన పైపు. ఈ భాగములలో పెట్రోలు ఒక చదరపు సెంటీమీటరునకు సుమారు మూడునుండి నాలుగు కిలోల ఒత్తిడితో ఉండును. ఇది చిన్న కారు చక్రములోని గాలి ఒత్తిడికంటె హెచ్చు. వెండ్రుకవాసి పగులు చాలును, పెట్రోలు తుంపరగా చిమ్మి వేడి ఇంజనుపై పడుటకు. మేము చెప్పుచున్న అన్ని వాసనలలోను మిక్కిలి ప్రమాదకరమైనది ఇదియే. కార్బ్యురేటరు గల పాత బండ్లలో ఒత్తిడి తక్కువయైనను, ఫ్లోటు సూది అరిగినచో పెట్రోలు పొంగి పొర్లును.

సీటు క్రింద ఇంజను గల బండ్లలో మరియొక విశేషము గలదు. సీటు ఎత్తి చూచు మూతకు అంచున రబ్బరు పట్టీ ఉండును. ఆయిలు పోయుటకు, రేడియేటరు చూచుటకు పదేపదే ఎత్తగా ఆ పట్టీ ఊడును. అపుడు ఇంజను గదిలోని వాసన యంతయు నేరుగా డ్రైవరు ముక్కునకు చేరును. పట్టీ మార్చగానే వాసన పోవును కాని కారుట ఆగదు. కావున పట్టీని చిట్టచివరనే మార్చవలెనని మా సలహా. బాగుగా పనిచేయుచున్న సాక్షిని ముందే నోరు మూయించుట మంచిది కాదు.

వాసనతోపాటు ఇంజను తడబడుట, మైలేజీ పడిపోవుట, పొగ నల్లగా వచ్చుట కలదేని పెట్రోలు బయటకు కారుట లేదు, లోపల సరిగా మండుట లేదు. స్పార్కు ప్లగ్గు, దాని కాయిలు, మూసికొనని ఇంజెక్టరు పరీక్షింపదగినవి. ఆయిలు కొలబద్ద తీసి వాసన చూడవలెను. ఆయిలు మట్టము పోసినదానికంటె పెరిగి పెట్రోలు వాసన కొట్టుచున్నచో ఆయిలు పలుచబడినదన్నమాట. అట్టి బండిని ఇంకను నడిపినచో బేరింగులు చెడి, వాసన మరమ్మతు కాస్త ఇంజను మరమ్మతుగా మారును.

ఇటీవలి కాలమున పైపుల విషయమున క్రొత్త జాగ్రత్త ఒకటి అవసరమైనది. మన దేశమున పెట్రోలులో కలుపు ఇథనాలు పాలు 2022లో నూటికి పదికిని, 2025లో నూటికి ఇరువదికిని చేరినవి. చెరకు, మొక్కజొన్న, నూకలనుండి తీయు ఈ ఇథనాలు వలన రైతునకు మేలే. కాని పాతరకపు రబ్బరు కొన్నింటికి అది సరిపడదు. రబ్బరు ఉబ్బి మెత్తబడుట, లేదా ఎండి పగులుట జరుగును. ఇరువది శాతము ఇథనాలునకు తగిన సామానుతో బండ్లు తయారగుట 2023 ఏప్రిల్‌నుండి ఆరంభమైనది. అంతకుముందు కొన్న బండి అయినచో రబ్బరు పైపులను ఓ రింగులను ఏడాదికొకసారి చూపించుకొనుట వివేకము. పైపు మార్చునపుడు దుకాణమున "ఇథనాలు పెట్రోలునకు పనికివచ్చునది, ఇంజెక్షను బండి ఒత్తిడికి ఆగునది" అని విప్పి చెప్పి అడుగవలెను. పారదర్శకమైన ప్లాస్టిక్కు గొట్టము తక్కువ వెలకు దొరకును. అది ఇంటి నీటితొట్టికి చాలును, బండికి చాలదు.

ఎలుకలను మరువరాదు. ధాన్యపు కొట్టము ప్రక్కన నిలిపిన బండిలోను, రాత్రంతయు మార్కెట్టులో పండ్ల బుట్టల నడుమ నిలిపిన బండిలోను ఎలుకలు చేరి పైపులను వైర్లను కొరుకును. నిన్నటివరకు లేని వాసన నేటి ఉదయము ఒక్కసారిగా ఘాటుగా వచ్చినచో తాళము త్రిప్పుటకు ముందే టార్చి వేసి చూడవలెను. కొరికిన పైపునకు కొరికిన వైరు తోడైనచో నిప్పునకు కావలసినదంతయు సిద్ధముగా ఉన్నట్లే.

వెదకు పద్ధతి ఇది. బండిని ఆరుబయట చదునైన నేలపై నిలిపి, చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివు తీగ విప్పవలెను. దరిదాపుల పొయ్యి గాని, వెల్డింగు గాని, చుట్ట గాని ఉండరాదు. అగ్గిపుల్ల గీసి వెదకువారు నేటికిని కలరని వినుటచే ఈ మాట వ్రాయవలసివచ్చినది. ట్యాంకునుండి ఇంజనువరకు పైపు వెంట కనులతోను, తెల్లని పొడిగుడ్డతోను పోవలెను. పల్లె బాటలలో తిరుగు బండికి అడుగున దుమ్ము పట్టియుండుట ఇచట మేలు చేయును. పెట్రోలు ఆరిపోయినను అది తడిపిన చోట దుమ్ము కడిగినట్లో, నల్లగా అట్టగట్టినట్లో గురుతు మిగులును. వెదకుటకు ముందు బండిని కడిగించుట పొరపాటు, సాక్ష్యము నీటిపాలగును. ప్రతి క్లిప్పు దగ్గర గుడ్డతో తుడిచి వాసన చూడవలెను. రబ్బరును వంచినపుడు సన్నని పగుళ్ళు కనిపించినచో అది కారినను కారకున్నను మార్చదగినదే.

పైపు విప్పు పని మాత్రము తెలిసినవారే చేయవలెను. ఇంజను ఆపినను పైపులో ఒత్తిడి గంటలకొలది నిలిచియుండును. పని ఎరిగిన మెకానిక్కు ముందుగా పంపు ఫ్యూజు తీసి, ఇంజనును నడిపి, అది తనంతట ఆగువరకు వేచి, ఆ పిదప బ్యాటరీ తీగ విప్పి, గుడ్డ చుట్టి పైపు లాగును. ఇట్లు చేయక నేరుగా పానా పట్టువాని చేతికి బండి నీయకుండుట మంచిది. ఎల్.బి. నగర్ దాటి విజయవాడ దారిలో వనస్థలిపురము, హయత్‌నగర్‌ల నడుమ ఉన్న ఆటోనగర్‌లో పనివారికి గాని విడిభాగములకు గాని కొదువలేదు. దుకాణమునకు పోవునపుడు రిజిస్ట్రేషను కాగితము వెంట నుంచుకొనినచో ఆ యేటి బండికి సరిపడు భాగమే దొరకును. పగిలిన పైపుపై టేపు చుట్టుట, ఎంసీల్ మెత్తుట, సైకిలు ట్యూబు ముక్క కట్టుట ఒక పూట పని కూడ కాదు. పెట్రోలు ఆ జిగురును కరగించును. తీసిన ఓ రింగును మరల పెట్టరాదు, వెల చాల స్వల్పము. క్లిప్పు కూడ పైపును కోయకుండ చుట్టును సమముగా బిగియు రకమై ఉండవలెను. పూచీ గడువు మిగిలియున్న బండిని తొలుత కంపెనీ సర్వీసుకే చూపుట లాభము.

ట్యాంకు ఖాళీచేయుటకు నోటితో గొట్టము పీల్చు దురలవాటు గలదు. ఒక్క గుక్క పొరపోయి ఊపిరితిత్తులలో చేరినచో తీవ్రమైన వాపు కలిగి ప్రాణాపాయము కావచ్చును. మ్రింగినవానిచే వాంతి చేయింపరాదు, వాంతిలో పెట్రోలు మరల ఊపిరితిత్తులలోనికి పోవును. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. గ్రీజు చేతులను పెట్రోలుతో కడుగుకొనుట కూడ మానదగినది. అందులోని బెంజీను క్యాన్సరు కలిగించు పదార్థమని శాస్త్రజ్ఞులు నిర్ధారించియున్నారు. చేతి బల్ల పంపు వెల ఏమంత హెచ్చు కాదు.

నడుచుచున్న బండిలో వాసన ఒక్కసారిగా హెచ్చినచో ఎల్.బి. నగర్ అండర్‌పాసు వంటి పల్లములో నిలుపక, వీలైనంతవరకు బయటకు తెచ్చి ఆరుబయట ఆపి, తాళము తీసి, అందరును దిగి దూరముగా పోవలెను. మంట కనిపించినచో సీటు మూత గబగబ ఎత్తరాదు, గాలి తగిలి మంట పెరుగును. నీరు పోసినచో పెట్రోలు నీటిపై తేలి మంటను మరింత దూరము వ్యాపింపజేయును. పొడిమందు గల అగ్నిమాపక సిలిండరు వాడవలెను. అది లేనిచో ఇసుక. 101 గాని 112 గాని ఫోను చేయవలెను. సరకుపై మమకారముతో బండి దరికి మరల పోరాదు.

మరమ్మతు ముగిసిన పిదప బండి నడుపుటకు ముందు తాళమును ఇంజను తీయకుండ 'ఆన్' మెట్టువరకు మాత్రము త్రిప్పి, రెండు మూడు క్షణములు పంపు మ్రోత వినబడనిచ్చి, ఆపి, మరల త్రిప్పవలెను. ఇట్లు మూడుమారులు చేసినచో ఇంజను నడువకయే పైపులలో పూర్తి ఒత్తిడి ఏర్పడును. అపుడు మార్చిన ప్రతి అతుకును పొడిగుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డ పొడిగా ఉన్నచో ఇంజను తీసి పది నిమిషములు నిలకడగా నడిపి మరల చూడవలెను. చివరగా ఆ రాత్రి బండి క్రింద పాత అట్టపెట్టె నొకదానిని విప్పి పరచి, ఉదయమున దానిపై మచ్చ ఏదైన పడినదేమో, పడినచో బండి ఏ భాగమునకు సరిగా క్రింద పడినదో చూచి, ఆ తరువాతనే సరకు ఎత్తవలెను.